మొగిలయ్య మడిగెలో సమ్మమ్మ

హంటర్ రోడ్డు మీద మా కిరాణం పక్క మడిగె మొగిలయ్యది. రేకు బోర్డు మీద 'ఆటో ఎలక్ట్రీషియన్' అన్న అక్షరాలు ఇప్పుడు సగం సగమే కనపడతాయి. ఆయన ఆ మడిగె తీసిన ఏడాదే మా నాయన నన్ను గల్లా మీద కూచోబెట్టాడు. అప్పటినుంచి ఇద్దరం ఒకరి ముందు ఒకరం పెద్దవాళ్లమయ్యాం.

మొగిలయ్యది నెక్కొండ దగ్గర ఊరు. వాళ్ల నాయన కౌలుకు పట్టి పత్తి వేసేవాడు. ఆ పని ఈయన ఒంటికి పడలేదు. పొద్దున ప్యాసింజరు బండెక్కి వరంగల్ వచ్చి, స్టేషన్ దగ్గర ఒక బ్యాటరీల షాపులో చేరాడు. మొదట్లో యాసిడ్ నీళ్లు పోయడమే పని. అంగీలన్నీ చిల్లులు పడేవట. తర్వాత ఉస్తాద్ మెల్లగా డైనమో విప్పడం నేర్పాడు, హారన్లు బాగుచేయడం నేర్పాడు. లైట్ల వైరింగు చేతికొచ్చేసరికి మీసాలొచ్చాయి.

మడిగె పెట్టిన కొత్తలో అంతా లారీల కాలం. ఎనుమాముల మార్కెట్టుకు మిర్చి దిగే రోజుల్లో మా రోడ్డంతా లారీలే. ముక్కుకు గుడ్డ కట్టుకోకుండా నిలబడలేకపోయేవాళ్లం. డ్రైవర్లు మా అరుగు మీద తువ్వాల పరుచుకుని పడుకుంటే, మొగిలయ్య బానెట్టు కింద దూరి ఈల వేసుకుంటూ పనిచేసేవాడు. ఖాకీ అంగీ జేబులో ఎప్పుడూ ఒక టెస్టరు. మేడారం జాతర వచ్చిందంటే బస్సులు, వ్యాన్లు, జీపులు. ఇంజను సప్పుడు వింటేనే బ్యాటరీ సంగతి చెప్పేవాడు. ఆయన ఈల ఆగిందంటే తప్పు దొరకలేదన్నమాట. మళ్లీ మొదలైందంటే దొరికింది. నేను కొట్లో పప్పు తూస్తూనే పక్క మడిగెలో పని ఎక్కడిదాకా వచ్చిందో చెప్పగలిగేవాణ్ని.

ఆయన భార్య సమ్మమ్మ. శివనగర్‌లో ఇంట్లోనే మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేది. ఆ వాడలో పెళ్లిళ్లు ఉన్నాయంటే ఆమె మిషను ఆగేది కాదు. మధ్యాహ్నం అన్నం గిన్నె తెచ్చి మా కొట్లో కూచునేది. మొగిలయ్య వచ్చి తీసుకునేవాడు. మడిగెలోకి మాత్రం ఆమెను రానిచ్చేవాడు కాదు. "లోపల యాసిడ్ ఉంటది, గ్రీజు ఉంటది, లారోళ్ల నోళ్లు మంచిగుండయ్. ఇది ఆడోళ్ల జాగ కాదు" అనేవాడు. ఆమె కూడా ఎప్పుడూ తగువు పెట్టుకోలేదు. బియ్యం బస్తా మీద కూచుని నా భార్యతో కబుర్లు చెప్పి వెళ్లిపోయేది.

ఆయనకు షుగరు ఎప్పుడు మొదలైందో ఆయనకే తెలియదు. తెలిసినా పట్టించుకోలేదు. ముందు రాత్రిపూట బండ్ల లైట్ల చుట్టూ గుండ్రాలు కనపడుతున్నాయన్నాడు. ఆ తర్వాత ఎర్ర వైరుకూ గోధుమ వైరుకూ తేడా తెలియడం లేదన్నాడు. హైదరాబాదు దవాఖానలో కండ్లకు ఆపరేషను చేశారు. అప్పటికే ఆలస్యమైందని ముందే చెప్పి చేశారట. చివరికి వెలుగూ నీడా తప్ప ఏమీ మిగల్లేదు. కండ్లు పోయినా చేతులున్నాయి కదా అని నేననుకున్నాను. ఒకరోజు మా కొట్లో టీ గ్లాసు పట్టుకుని, వేడి తెలియక, వేలు కాలేదాకా అట్లాగే పట్టుకున్నాడు. వేళ్ల కొసలు మొద్దుబారిపోయాయి. షుగరు వాటినీ తిన్నది.

మడిగె షట్టరు దించాడు. రోజూ పొద్దున సమ్మమ్మ చేయి పట్టుకుని తీసుకొచ్చి మా అరుగు మీద కూచోబెట్టి పోయేది. ఇంట్లో ఉంటే గోడలతో మాట్లాడుతున్నాడని చెప్పింది. ఇక్కడ కనీసం బండ్ల సప్పుడు ఉంటుంది. ఆయన కూచుని, పోయే బండ్లను వింటూ, "ఆటోకు ప్లగ్గు సరిగ్గ లేదు" అనో, "ఆ బస్సు సెల్ఫ్ రేపో మాపో పోతది" అనో తనలో తనే అనుకునేవాడు. ఈల మాత్రం వేసేవాడు కాదు.

ఇట్లా ఒక శ్రావణం, ఇంకో శ్రావణం గడిచాయి.

నిరుడు వానల్లో ఒక పొద్దున హరికృష్ణ సేటు వచ్చాడు. బట్టల బజారులో ఆయనకు చీరల దుకాణం. ఆయన ఎర్ర కారు మాకందరికీ తెలుసు. ఇరవై ఏండ్లు దాటిన కారు, రంగు వెలిసింది, ఒక డోరు మీద సొట్ట. అయినా ఆయన దాన్ని వదల్లేదు. దుకాణం సందులోంచి కారును వెనక్కు తీయాలంటే వెనక అద్దమే దిక్కు. మొన్నటి వానలో అద్దం మీద నీళ్లు కారుతూ ఏమీ కనపడక, ఒక పూల బండికి తగిలించాడట. బంతిపూలన్నీ రోడ్డు పక్క మోరీలో పడ్డాయి. పూలామె నోరు చెడ్డదని సేటు నవ్వుతూనే చెప్పాడు, కానీ భయపడ్డాడని తెలుస్తూనే ఉంది.

"వెనక వైపర్ నడుస్తలేదు మొగిలన్నా" అన్నాడు. "రెండు మూడు జాగలల్ల చూపిచ్చిన. మోటర్ పోయింది, గిది పాత బండి, మోటర్ దొరకదు అంటాండ్రు. పీకేసి రంధ్రానికి రబ్బరు బిరడా పెట్టుకో అన్నడు ఒకాయన."

"నేనేం జేస్త సేటూ. నాకు కనవడదు గద."

"చూడమంటలేను. విను."

మొగిలయ్య లేచి, గోడ పట్టుకుని కారు దాకా నడిచి, వెనక అద్దం మీద అరచెయ్యి పెట్టాడు. "స్విచ్చు వెయ్" అన్నాడు. సేటు వేశాడు. మోటరు నుంచి చప్పుడు లేదు.

"అద్దం మీద నీళ్లు కొడ్తాందా?"

"కొడ్తాంది. నీళ్లు మంచిగనే వస్తానయ్."

"మరి నంబర్ ప్లేటు లైటు?"

సేటు కాస్త ఆలోచించాడు. "అది ఒకపారి వెలుగుతది, ఒకపారి వెలగదు. దాన్ని నేను పట్టిచ్చుకోలె."

మొగిలయ్య మొహంలో ఏదో కదిలింది. "ఈ బండిల వైపర్‌కు, నీళ్ల పంపుకు ఫ్యూజ్ ఒక్కటే. నీళ్లు వస్తానయంటె ఫ్యూజ్ బాగున్నది. మోటర్ సంగతి విప్పితె గని చెప్పలేం." అని ఆగిపోయాడు. విప్పేదెవరు?

అన్నం వేళ కాకముందే సమ్మమ్మ వచ్చింది. ఆ రోజు ఆయన మందు మరిచిపోయాడని తెచ్చింది. సంగతి విని, చేతిలో గోలీల పొట్లం నా గల్లా మీద పెట్టి, కొంగు నడుముకు చెక్కింది.

"ఏం విప్పాలె చెప్పు" అంది.

"నీతోని కాదు."

"చెప్పు అంటాన గద."

షట్టరు ఎత్తితే పాత యాసిడ్ వాసన, ఎలుకల వాసన కలిసి గుప్పుమన్నాయి. సమ్మమ్మ ఆ గడప దాటడం నేను చూడడం అదే మొదటిసారి. ఆయన గోడ మీద ఏ మేకుకు ఏం వేలాడుతుందో బయట నిలబడే చెప్పాడు. టెస్టింగు బల్బు, స్క్రూడ్రైవరు, పట్టకారు, అన్నీ ఆయన చెప్పిన చోటే ఉన్నాయి, బూజు పట్టి.

డిక్కీ డోరు ఎత్తి, లోపలి అట్ట విప్పింది. ప్లాస్టిక్ క్లిప్పులు విరగకుండా తీయడం పనిమంతులకే కష్టం. ఈమె కుట్టు విప్పినంత నిదానంగా, ఒక్కొక్కటీ కింద గోరు పెట్టి లేపింది. ఒక్కటి కూడా విరగలేదు. లోపల మోటరు, దానికి వైర్ల ప్లగ్గు.

"ప్లగ్గు పీకు. బండి బ్యాటరీ నుంచి రెండు వైర్లు తీస్కో. మోటర్ మీద నేను చెప్పే రెండు పుల్లలకు తగిలియ్యి. ఒకదానికొకటి తాకనియ్యకు."

ఆమె తగిలించింది. మోటరు గుర్రుమంది. అద్దం మీద వైపర్ ఒక్కసారి లేచి పడింది.

మొగిలయ్య తల పైకెత్తాడు. ఆ చప్పుడు ఎన్నాళ్లకు విన్నాడో. "మోటర్ పులి లెక్క ఉన్నది సేటూ. దాన్ని పోయిందన్నడెవడు" అన్నాడు.

తర్వాత టెస్టింగు బల్బుతో ప్లగ్గు దగ్గర చూడమన్నాడు. బల్బు వెలగలేదు. అంటే కరెంటు అక్కడికి రావడం లేదు. కారు కప్పు దగ్గర, డోరు తిరిగే కబ్జాకు ముందర అదే వైరును పట్టి చూస్తే బల్బు వెలిగింది. అక్కడిదాకా వస్తున్న కరెంటు డోరులోకి దాటడం లేదు. మధ్యలో ఉన్నది జానెడు నల్ల రబ్బరు గొట్టం. వైర్లన్నీ దానిలోంచే డోరులోకి పోతాయి. డోరు ఎత్తిన ప్రతిసారీ, దించిన ప్రతిసారీ ఆ వైర్లు వంగుతాయి.

"ఇరవై ఏండ్ల సంది వంగుతానయ్. అందులనే తెగి ఉంటది" అన్నాడు.

రబ్బరు గొట్టం కిందికి జారిస్తే ఒక వైరు రెండు ముక్కలై కనిపించింది. ఆయన ఎదురు హోటలు పొయ్యి మీద టంకం కడ్డీ కాచమన్నాడు. కొంచెం ఎక్కువ పొడుగు వైరు మధ్యలో కలిపి అతకమన్నాడు, వంగేటప్పుడు గుంజుకోకుండా. సమ్మమ్మ మొదటి అతుకు ముద్దముద్దగా వచ్చింది. తీసేసి మళ్లీ చేసింది.

టంకం ఆరే లోపల ఆ హోటలు నడిపే రాజక్క చాయ్ తెచ్చింది. కారు పక్కనే నిలబడి తాగుతుంటే సమ్మమ్మ ఆ వెనక అద్దం వైపు చూసి నవ్వుకుంది.

"సేటూ, మీరు ఈ కారు కొత్తగ కొన్నప్పుడు ఈయన నన్ను ఇందుల ఎక్కిచ్చుకున్నడు, యాదున్నదా?" అని అడిగింది.

సేటుకు గుర్తు లేదు. మొగిలయ్యకు ఉంది. అప్పుడు కారుకు వెనక వైపర్ ఉండడమే మాకందరికీ వింత. "ఎనకకు చూస్కుంట నడుపుతరా ఏంది" అని లారీ డ్రైవర్లు నవ్వారు. సేటు హారను మార్పించుకోవడానికి తెస్తే, పని అయ్యాక మొగిలయ్య ట్రయలుకని తీసుకుపోయాడు. దారిలో సమ్మమ్మ అన్నం గిన్నెతో కనపడితే వెనక సీట్లో కూచోబెట్టుకున్నాడు. ఆమె కారెక్కడం అదే మొదలు. ఖిలా వరంగల్ దాకా పోయారు. వాన మొదలైంది.

"నేను ఎనకకు తిరిగి కూసున్న" అంది సమ్మమ్మ. "నీళ్లతోని ఏం కనవడకపోవుడు, గీ పుల్ల వచ్చి ఒక్కసారి తుడుసుడు. తుడిసినప్పుడల్ల ఆ రాతి తోరణం కనవడేది, కొంచెం చిన్నగయ్యేది. మల్ల నీళ్లు, మల్ల తోరణం. అన్నం సల్లగైతాందని ఈయన లొల్లి. నేను మాత్రం ఇంకో చుట్టు తిప్పమన్న."

"తిప్పిన" అన్నాడు మొగిలయ్య.

"తిప్పినవు. నేను కాదంటలేను."

ఆ రోజుల్లో మా రోడ్డుకు డివైడరు లేదు, ఈ ఫ్లెక్సీలు లేవు. కొట్టు ముందు నిలబడితే దూరంగా వచ్చే మనిషి నడకను బట్టే ఎవరో చెప్పేవాళ్లం. నాకు అదంతా ఒక్కసారి కండ్ల ముందు తిరిగింది.

చాయ్ గ్లాసులు పెట్టేసి సేటు స్విచ్చు వేశాడు. వైపర్ ఆడింది. మొగిలయ్య చప్పట్లు కొట్టినంత పని చేశాడు. అట్ట బిగించి, డోరు దించారు. మళ్లీ స్విచ్చు వేశారు.

ఆడలేదు.

"ఏం జేసినవే" అన్నాడు మొగిలయ్య. గొంతు మారింది. "అతుకు ఊడగొట్టినవ్. మెల్లగ మూయమన్న గద. నేను ముందే చెప్పిన నీతోని కాదని. అందుకే ఆడోళ్లను..."

మాట పూర్తి కాలేదు. సమ్మమ్మ తన చేతిలోని పట్టకారును కారు మీద కాదు, కింద కాదు, ఆయన చేతిలో పెట్టింది. "నీ కోపం నాకు కనవడ్తాంది అయ్య. నా మొఖమే నీకు కనవడ్తలేదు" అని, వచ్చి మా కొట్లో బియ్యం బస్తా మీద కూచుంది. చేతులకు నల్లగా మసి అంటింది. చూపుడు వేలు మీద టంకం తగిలి బొబ్బ. నా భార్య మాట్లాడబోతే నేను కండ్లతో వద్దన్నాను.

సేటు కారు పక్కన అట్లాగే నిలబడ్డాడు. మొగిలయ్య పట్టకారు పట్టుకుని మడిగె ముందు కూచున్నాడు. "సమ్మా" అని ఒకసారి పిలిచాడు. ఈమె కదల్లేదు. కాసేపటికి ఆయన లేచాడు. మా రెండు మడిగెల మధ్య మోరీ మీద ఒక బండ ఉంటుంది. ఎప్పుడూ ఎవరో ఒకరు చేయి పట్టుకుని దాటించేవాళ్లు. ఆ రోజు కాలితో తడుముకుంటూ ఒక్కడే దాటి వచ్చాడు. మా గల్లా బల్ల తగిలాక ఆగాడు.

"డోరు ఎత్తితె నడుస్తాంది. మూస్తె ఆగుతాంది" అన్నాడు. ఎవరితో అంటున్నాడో తెలియనట్టు తల వంచుకుని. "అంటె నీ అతుకు మంచిగనే ఉన్నది. అది పోతె ఎత్తినా నడవకపోతుండె. ఇంకో వైరు లోపల తెగి ఉంటది. ఎత్తినప్పుడు కొసలు తాకుతానయ్, మూసినప్పుడు ఇడిపోతానయ్. నంబర్ ప్లేటు లైటు అట్లనే చేస్తాందని సేటు ముందుగాలనే చెప్పిండు. నేనే తొందర వడ్డ."

సమ్మమ్మ వెంటనే లేవలేదు. "మడిగెల నన్ను ఒర్లితె నేను ఊకోను" అంది.

"ఒర్ల."

"ఆడోళ్లు, మగోళ్లు అని అనద్దు."

"అనను తియ్."

అప్పుడు లేచింది.

మళ్లీ రబ్బరు గొట్టం జారించింది. మిగతా వైర్లన్నీ బయటికి బాగానే ఉన్నాయి, ఎక్కడా తెగినట్టు లేదు. ఆయన అన్నాడు, "కండ్లతోని చూడకు. ఒక్కొక్కదాన్ని రెండు వేళ్ల నడుమ పట్టి జర గుంజు. లోపల రాగి ఉన్న వైరు బిగుసుకుంటది. రాగి తెగితె పైతోలు సాగుతది."

ఒక్కొక్కటీ పట్టి చూసింది. నల్ల వైరు దగ్గర ఆగింది.

"ఇది సాగుతాంది అయ్య. లంగకు వేసే లాస్టిక్ లెక్క."

"నల్లదా?"

"నల్లదే."

"ఎర్త్ వైరు" అన్నాడు మొగిలయ్య. "మోటర్‌కు, లైటుకు అదొక్కటే. కోయ్."

కోసి చూస్తే లోపల రాగి పచ్చబడి పొడిపొడిగా రాలింది. పైతోలు మాత్రం కొత్తదానిలాగే ఉంది. దానికీ ఒక ముక్క వేసి అతికింది. ఈసారి అతుకు సన్నగా, నున్నగా వచ్చింది. దాన్ని ఆయన వేళ్లకు చూపించబోయి, ఆయన వేళ్లకు తెలియదని గుర్తొచ్చి, ఆయన చెంపకు ఆనించింది. "మంచిగున్నది" అన్నాడాయన.

డోరు మూశారు. ఆ వేళకు వాన లేదు. సేటు మా కొట్లోంచి చెంబుతో నీళ్లు తెచ్చి వెనక అద్దం మీద పోశాడు. స్విచ్చు వేశాడు. వైపర్ లేచి, అద్దం మీద జరజరా రాసుకుంటూ పోయి, తిరిగి వచ్చి పడుకుంది. నంబర్ ప్లేటు లైటు కూడా వెలిగింది. సేటు ఇంకో చెంబు పోశాడు, ఇంకోటి పోశాడు. తడిసిపోయాడు, పట్టించుకోలేదు.

"రబ్బరు ఎండిపోయింది. సప్పుడు ఇంటలేవా? అది మార్పియ్యి సేటూ" అన్నాడు మొగిలయ్య.

ఆ మర్నాడు ఆయనను అరుగు మీద కూచోబెట్టి సమ్మమ్మ ఇంటికి పోలేదు. షట్టరు ఎత్తి ఊడ్చింది. వారం తిరక్కుండానే కుట్టుమిషను కూడా ఆటోలో తెచ్చి మడిగెలో ఒక మూలకు వేసింది. పని ఉంటే బండి పని, లేకపోతే జాకెట్లు. అంతా సాఫీగా ఏమీ సాగలేదు. కండ్లు కనపడని మనిషి, జాకెట్లు కుట్టే ఆమె అని తెలిసి, ఎక్కిన బండి దిగకుండానే తిప్పుకుని పోయినవాళ్లున్నారు. కొత్త కార్ల జోలికి వీళ్లు పోరు, వాటికి కంప్యూటరు కావాలి. ఒకసారి ఒక ఆటోకు హెడ్‌లైటు పని చేస్తూ వైర్లు తారుమారు చేసి బల్బు కాల్చారు. ఆ రోజు ఇద్దరి లొల్లికి మా గిరాకీ ఆగి విన్నది. కానీ పాత బండ్లున్నవాళ్లు మెల్లగా రావడం మొదలుపెట్టారు. ట్రాక్టర్ల వాళ్లు, స్కూలు వ్యాన్ల వాళ్లు, జాతరకు పోయే జీపుల వాళ్లు. ఆడవాళ్లు కూడా స్కూటీలు తెస్తున్నారు. జాకెట్ కొలతలిచ్చి, పనిలో పనిగా హారను బాగుచేయించుకుని పోతున్నారు.

మొన్న మంగళవారం ఒక వ్యాను వచ్చింది. దాని హారను ఆగకుండా మోగుతోంది. బజారంతా చెవులు మూసుకుంది. రిలే అంటుకుపోయిందని మొగిలయ్య, కాదు స్టీరింగు దగ్గర వైరు రాసుకుంటోందని సమ్మమ్మ. ఒకరి మాట ఒకరికి వినపడక ఇద్దరూ అరుచుకుంటున్నారు. డ్రైవరు ఎవరి మాట వినాలో తెలియక నా వైపు చూశాడు. నేను ముందు బ్యాటరీ వైరు పీకమని సైగ చేశాను. అప్పటికే కొట్లోకి ఎవరో చింతపండుకు వచ్చారు. తూచి, కట్టి ఇచ్చేసరికి హారను బాగై వ్యాను వెళ్లిపోయింది.

పక్క మడిగెలో మిషను నడుస్తోంది.